ఒంటి చెవి మాస్టారు

రింగుటోన్ల మాస్టారికి ఎడమ చెవి వినపడదన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన భార్య. రెండోవారు ఆ చెవిని పోగొట్టిన కన్నతండ్రి. తొమ్మిదేళ్ల వయసులో ఇంట్లో ఉన్న ఒక్కగానొక్క టేపురికార్డరును విప్పి చూశాడని ఆ మహానుభావుడు కొడుకుని లాగి ఒక్కటిచ్చాడు. పిల్లాడు గోడకి కొట్టుకుని పడ్డాడు, చెవిలోంచి నెత్తురు కారింది. టేపురికార్డరు మర్నాటికే బాగైంది, చెవి మాత్రం కాలేదు. ఇలాంటివాటిని క్రమశిక్షణ అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల నోళ్లు పడిపోను.

అంత జరిగినా మాస్టారు చప్పుళ్ల పనే పట్టుకున్నారు. టైర్ల కొట్టుకీ లేతు మిషను షెడ్డుకీ మధ్య ఇరుకు గదిలో ఫోన్లు బాగుచేసేవారు, కంప్యూటరులో రింగుటోన్లు తయారుచేసేవారు. మనవరాలి నవ్వు, పెంపుడు కుక్క మొరుగు, ఒకాయనకైతే పెళ్లాం తిట్లు. బల్లని ఎడమవైపు గోడకి ఆనించి వేసుకున్నారు. దాంతో వచ్చినవాళ్లంతా కుడిపక్కనే నిలబడాలి. చెవిటివాడి దగ్గరికి శబ్దం పని మీద ఎవరొస్తారని ఆయన భయం. ఇటు సుత్తి దెబ్బలు, అటు లేతు గోల. అందుకని ప్రతి టోనునీ హెడ్‌ఫోన్‌లోనే విని సరిచూసేవారు. ఆ హెడ్‌ఫోన్‌లో ఎడమవైపు పనిచేసినా చెయ్యకపోయినా ఆయనకి ఒకటే.

సోమవారం పొద్దున కబేళా మేస్త్రీ వచ్చాడు. పశువుల్ని కోసే చేతులు, గోళ్లలో ఎండిన నెత్తురు. ఫోను బల్లమీద పెట్టి తనంతట తనే చెప్పుకొచ్చాడు. నెల కిందట తమ్ముడితో గొడవపడి, కడ్డీతో వాడి తల పగలగొట్టి, ఇంట్లోంచి గెంటేశాడట. ఆ సాయంత్రమే పాత పగవాళ్లు నలుగురు కత్తులు పట్టుకుని తమ్ముడి వెంటపడ్డారు. వాడు పరిగెత్తుతూ అన్నకి మూడుసార్లు ఫోను చేశాడు. కోపం చల్లారని అన్న మూడుసార్లూ కట్ చేశాడు. నాలుగోది వాయిస్ మెసేజ్. శవాన్ని చూసొచ్చాకే దాన్ని విన్నాడు. ఒంటిమీద పదిహేడు పోట్లున్నాయట.

మాస్టారు విన్నారు. పరుగు, రొప్పు, వెనకాల కేకలు. మధ్యలో కుర్రగొంతు: "అన్నా, ఫోనెత్తు. ఒక్కసారి ఫోనెత్తన్నా."

"ఎవడు ఫోన్ చేసినా ఇదే మోగాలి మాస్టారూ," అన్నాడు మేస్త్రీ. "చచ్చేదాకా ఇదే వినాలి నేను."

ఆ మాటకి మాస్టారి గుండె తరుక్కుపోయింది. పూటంతా కూర్చుని కేకలూ చప్పుళ్లూ తీసేసి గొంతుని మాత్రం మిగిల్చారు. సాఫ్ట్‌వేరు అంతకు రెండు రోజుల కిందటే కొత్తది దిగింది. అందులో గొంతుని రెండువైపులా పరిచే బటన్ ఒకటి కనిపిస్తే అదీ నొక్కారు. హెడ్‌ఫోన్‌లో గొంతు అద్దంలా వినిపించింది. కంప్యూటరులో చోటు తక్కువ కాబట్టి అలవాటుగా అందులోకి దింపుకున్న అసలు మెసేజ్ మీదే సేవ్ చేసి, మేస్త్రీ ఫోనులోకి ఎక్కించి, జాబితాలో పేరు కనపడగానే ఇచ్చి పంపేశారు.

మర్నాడు మధ్యాహ్నం మేస్త్రీ ఇనుప కడ్డీతో దిగాడు.

"మోగట్లేదు. వెలుగుతోంది, ఆరిపోతోంది, అంతే. మళ్లీ వాడి నోరు నొక్కేశావు కదరా."

అంటూనే ఫోనుని మాస్టారి మొహాన విసిరాడు. నుదురు చిట్లింది. కిందపడ్డ ఫోనుని బూటుకాలితో పచ్చడి చేశాడు. తమ్ముడి మెసేజ్ కూడా దాంట్లోనే ఉందన్న స్పృహ ఆ కోపంలో ఎక్కడుంటుంది? ఇక ఆ గొంతు లోకంలో ఒక్కచోటే మిగిలింది, మాస్టారి కంప్యూటరులో. మేస్త్రీ కడ్డీ ఎత్తింది దానిమీదికే.

మాస్టారు అడ్డంగా వెళ్లి నిలబడ్డారు. "నన్ను కొట్టు మేస్త్రీ. దాన్ని ముట్టుకోకు. నీ తమ్ముడు ఇక దీంట్లోనే ఉన్నాడు."

కడ్డీ భుజం మీద పడింది. ఎముక కలుక్కుమంది. టైర్ల కొట్టాయన తొంగిచూసి, తనకేం పట్టనట్టు షట్టరు దించేశాడు. ఎన్నిసార్లు ఆయన ఫోను బాగుచేశారో మాస్టారు.

"అయిదు నిమిషాలియ్యి," అన్నారు మాస్టారు, ఒంటిచేత్తో కుర్చీ లాక్కుంటూ. మేస్త్రీ కడ్డీ కొనని ఆయన మెడ మీద ఆనించి నిలబడ్డాడు.

టోను ముప్ఫై సెకన్లు దాటితే కొన్ని ఫోన్లు తీసుకోవు. ఇది పన్నెండే. ఫైలు రకం సరిగ్గానే ఉంది. శబ్దం నిండుగానే ఉంది. హెడ్‌ఫోన్‌లో వింటే గొంతు చక్కగా పలుకుతోంది. అదే ఫైలు తన ఫోనులో వేస్తే కిక్కురుమనడం లేదు. నుదుటి నెత్తురు కీబోర్డు మీద బొట్లు బొట్లుగా పడుతోంది. ముప్ఫై ఏళ్ల పని ఆయన్ని నడిరోడ్డు మీద వదిలేసింది.

"నువ్వు విని చూడు," అంటూ హెడ్‌ఫోన్ మేస్త్రీకి ఇచ్చారు.

మేస్త్రీ పెట్టుకుని మొహం చిట్లించాడు. "ఇదేంటి, గొంతు తలలో నిలబడట్లేదు. రెండు చెవుల్లోంచీ చెరోపక్కకీ లాగేస్తున్నట్టుంది."

రెండు చెవులు. తప్పెక్కడుందో మాస్టారికి తెలిసింది, అది తన తలకాయలోనే ఉంది.

"నాకు అలా వినపడదు మేస్త్రీ. నాకు ఎడమ చెవి లేదు. చిన్నప్పుడే పోయింది. ఇన్నేళ్లూ బయట ఎవరికీ చెప్పలేదు."

"చెవిటోడివా? చెవిటోడి చేతిలోనా పెట్టాను నా తమ్ముణ్ణి?"

ఈసారి పడింది అరచెయ్యి. కుడి చెవి మీద. ఎద్దుని పడగొట్టే చెయ్యి అది. మాస్టారు గోడకి కొట్టుకున్నారు, అచ్చం తొమ్మిదేళ్ల వయసులో కొట్టుకున్నట్టే. లేతు గోల ఆగిపోయింది. మేస్త్రీ నోరు కదులుతోంది, మాట రావడం లేదు. ఆ చెవి తర్వాత సగమే తిరిగొచ్చింది. ఆ పూట మాత్రం ఆయన రెండు చెవులూ లేని మనిషి.

అయినా పాకుతూ వెళ్లి కుర్చీ ఎక్కారు. చెవుల్లేవు కాబట్టి కళ్లు పెట్టి చూశారు. తెరమీద ఎడమ అల ఒకటి, కుడి అల ఒకటి. పైది లేచినచోటల్లా కిందది పడుతోంది. తలుపుని అటొకరూ ఇటొకరూ సమానంగా నెడితే కదలనట్టు, ఫోనుకున్న ఒక్క స్పీకరులో కలవగానే రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. కొత్త బటన్ చేసిన ఘనకార్యం అది. మాస్టారు ఎడమ అలని పట్టుకుని తిరగేశారు. రెండూ కలిసి లేచాయి, కలిసి పడ్డాయి.

తన ఫోనులోకి ఎక్కించి, దాన్ని మేస్త్రీ ముందు పెట్టారు. బల్లమీదున్న మరో రిపేరు ఫోనుతో తన నంబరుకి చేశారు. ఫోను వెలిగి వణికింది. మోగిందో లేదో ఆయనకి తెలియదు. మేస్త్రీ మొహంకేసి చూశారు.

మేస్త్రీ చేతిలోంచి కడ్డీ జారిపోయింది. ఆ చప్పుడూ ఆయనకి వినపడలేదు. ఆ బండమనిషి రెండు చేతులతో ఫోను అందుకుని, పచ్చబటన్ నొక్కి చెవికి ఆనించుకున్నాడు. పెదాలు కదిలాయి. "చెప్పరా" అన్నాడని తెలుస్తూనే ఉంది. ఆ తర్వాత జవాబు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

మాస్టారికి అతని మీద కోపం, జాలి ఒకేసారి పొంగాయి. రెండో ఫోను నోటి దగ్గర పెట్టుకుని, తన మాట తనకే వినపడకుండా, "ఎత్తావు కదన్నా" అన్నారు.

మేస్త్రీ ఈసారి కట్ చెయ్యలేదు.