మామిడి రైతు ఎందుకు ఏడ్చాడు

బట్టీ పట్టించే ఇంగ్లీషు టీచర్లంటే నాకు ఒళ్లు మంట. నలుగురిలో కూర్చున్నప్పుడు నోరు మూసుకోలేనంత మంట. స్నేహితుడికి ఉత్తరం రాయమంటే తరగతిలో నలభైమందీ అదే స్నేహితుడికి, అదే చిరునామాకి, అదే ఉత్తరం రాస్తారు. అందరూ ఒకే వారం విహారయాత్రకి వెళ్లొచ్చి ఉంటారు. ఇక ఒక పేరా ఇచ్చి, చదివి ప్రశ్నలకి జవాబులు రాయమంటే దానికో కిటుకు ఉంది. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతకాలి, ఆ వాక్యం ఎత్తి రాసేయాలి. పేరా అర్థం కానక్కర్లేదు, కళ్లు కనపడితే చాలు.

అయిదారేళ్ల కిందట, తోటల్లో పూత మొదలైన రోజుల్లో, మండలంలోని ఇంగ్లీషు టీచర్ల మీటింగులో ఇదంతా ఒక్క గుక్కలో కక్కేశాను. పిల్లలకి తెలిసిన విషయం మీద, వాళ్లెప్పుడూ చూడని పేరా ఇచ్చి చూడండి, ఎవరికి అర్థమవుతోందో ఎవరికి కావట్లేదో అప్పుడు తేలుతుంది అన్నాను. అందరూ బుద్ధిగా విన్నారు. విని, అయితే ఆ పేపరేదో మీరే తయారు చెయ్యండి మేడం అన్నారు. నా నోటి దూల అలా తీరింది.

అది మామూలు పరీక్ష కాదు. కొందరు దాతలు కలిసి ఒక ఏర్పాటు చేశారు. మండలంలో తొమ్మిదో తరగతి పిల్లల్లో ఇంగ్లీషు బాగా వచ్చిన పదిమందిని ఏరి, నూజివీడులో హాస్టల్లో ఉంచి, పదో తరగతి అయ్యేదాకా చదివిస్తారు. ఫిబ్రవరి మొదటి వారంలో చేరాలి. పేపరు నాది, జవాబుల కీ నాది, కింద సంతకం నాది. ఏ స్కూలు పేపర్లు ఆ స్కూల్లోనే దిద్దాలి. ఎక్కువ మార్కులొచ్చిన వాటిని మండల ఆఫీసులో కీ పక్కన పెట్టి సరిచూస్తారు. కీకి తేడాగా మార్కులు వేసిన పేపరుంటే దాన్ని పక్కన పెట్టేస్తారు. ఈ నిబంధన కూడా నేను పట్టుబట్టి పెట్టించిందే. మిగతా టీచర్లు తమ పిల్లలకి ఉదారంగా వేసుకుంటారని నా అనుమానం.

పేరా కోసం రెండు సాయంత్రాలు కూర్చున్నాను. పిల్లలకి తెలిసిన విషయం కావాలి కాబట్టి మామిడి తోట. పదెకరాల తోట ఉన్న ఒక రైతు. జనవరిలో చెట్ల నిండా పూత. రోజూ పొద్దున్నే వెళ్లి చూసుకుని మురిసిపోతుంటాడు. ఏప్రిల్లో పెద్ద గాలివానొచ్చి కాయంతా రాలిపోతుంది. రైతు చెట్టు కింద కూలబడి ఏడుస్తాడు. కింద అయిదు ప్రశ్నలు. నాలుగోది, రైతు ఎందుకు ఏడ్చాడు? కీలో జవాబు, గాలివానకి కాయ రాలి పంట పోయింది కాబట్టి. రెండు మార్కులు.

నిజం చెప్పాలంటే ఆ రైతు మామిడి రైతు కాడు, మా నాన్న. మాది దిగువన వరి పండే ఊరు. నేను ఏడో తరగతిలో ఉండగా కోతకొచ్చిన చేను తుపానుకి నీళ్లలో పడుకుంది. నాన్న గట్టు మీద కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడవడం నేను చూశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పేరాలో వరి తీసేసి మామిడి పెట్టానంతే. రాసి చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. బాగా వచ్చిందనుకున్నాను.

మా స్టాఫ్ రూముకి ఉన్నది ఒక్క కిటికీ. దానికి అడ్డంగా పాత పాఠ్యపుస్తకాల కట్టలు నడుమెత్తున ఉంటాయి. ఆ గదిలో కూర్చుని ముప్ఫై ఎనిమిది పేపర్లు దిద్దాను. ట్యూషన్లకి వెళ్లే పిల్లలు నేను తిట్టిన కిటుకునే చక్కగా వాడారు. రైతు ఏడ్చాడు అన్న వాక్యం పట్టుకుని, దాని ముందు వాక్యం ఎత్తి రాశారు. కీ ప్రకారం సరైనదే. వేళ్లు నొప్పి పుట్టేలా రెండేసి మార్కులు వేసుకుంటూ పోయాను.

అప్పుడు ఆ పిల్ల పేపరు వచ్చింది. మూడో బెంచీ చివర కూర్చునేది. అమ్మానాన్నలు తోటలు కాపలా కాస్తారు. పూత నిలిచిందనగానే చాట్రాయి వైపు ఏదో ఒక తోటలో పాక వేసుకుని, ఆఖరి కాయ కోసేదాకా వాళ్ల కాపురం అక్కడే. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక పిల్లనీ తీసుకుపోతారు. అలా ఏటా ఫిబ్రవరిలో బడి మానేసి, వార్షిక పరీక్షలకి ఒకసారి కనపడి, మళ్లీ జూన్ ఆఖరుకి వచ్చేది. పరీక్షకి వారం ముందు నా దగ్గరికొచ్చి, హాస్టల్లో సీటొస్తే ఈ ఏడు తనని వదిలేసి వెళ్తానని వాళ్లమ్మ మాటిచ్చిందని చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది.

నాలుగో ప్రశ్నకి ఆమె ఇంగ్లీషులో అయిదు వాక్యాలు రాసింది. ఒక్కటీ ఎత్తి రాసింది కాదు. తప్పులు దిద్ది తెలుగులో చెబితే ఇది:

"రైతు ఏడవలేదు. రైతు జనవరిలోనే పూత మీద తోట అమ్మేశాడు. కాయ రాలితే తోట కొన్నాయన ఏడుస్తాడు. తర్వాత ఆయన మా నాన్నని వెళ్లిపొమ్మంటాడు. అప్పుడు మా నాన్న ఏడుస్తాడు."

నాకు ఏమీ అర్థం కాలేదు. పక్క కుర్చీలో ఉన్న లెక్కల మాస్టారికి ఈ ఊళ్లోనే ఎనిమిదెకరాల తోట ఉంది. ఆయన్ని అడిగాను. కాయ దాకా తోట ఎవరుంచుకుంటారండీ అని ఆయన నవ్వాడు. చాలామంది పూత చూసే బేరం చేసేస్తారట. ఆ తర్వాత మంచు పట్టినా, పురుగు పట్టినా, గాలివాన పడినా కొన్నవాడి కష్టం. కొన్నవాడు తట్టుకోలేకపోతే ముందు కాపలా వాళ్లని పంపించేస్తాడు. ఈ మాత్రం తెలియకుండా ఇన్నేళ్లుగా ఇక్కడెలా ఉద్యోగం చేస్తున్నారని ఆయన అడగలేదు. మర్యాదస్తుడు.

తల కొట్టేసినట్టయింది. తోటల మధ్య నుంచి రోజూ బస్సులో వస్తూ పోతూ, నేను చూసిందల్లా చెట్లే. ఆ పిల్లకి నా పేరా ముక్క ముక్కా అర్థమైంది, అందులో తప్పెక్కడుందో కూడా అర్థమైంది. చదివి అర్థం చేసుకోవడమంటే అదే కదా. పదేళ్లుగా నేను పిల్లల దగ్గర వెతుకుతున్నది అదే కదా.

అయినా సున్నా వేశాను. రెండు వేస్తే మండల ఆఫీసులో కీ పక్కన పెట్టి చూసి పేపరే పక్కన పడేస్తారు, అసలుకే మోసం అని నాకు నేను చెప్పుకున్నాను. మిగతావి బాగా రాసింది, ఎలాగూ పదిమందిలో ఉంటుంది అనుకున్నాను. పెన్ను కాసేపు ఆ సున్నా చుట్టూనే తిరిగింది.

జాబితా వచ్చింది. ఆ పిల్లది పదకొండో స్థానం. ఒక్క మార్కు తక్కువ.

ఆ మధ్యాహ్నమే సెలవు పెట్టి మండల ఆఫీసుకి వెళ్లాను. ఈ పరీక్ష వ్యవహారం చూస్తున్న అధికారి నెమ్మదైన మనిషి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. అప్పుడు కీ కాగితం తీసి నా వైపు తిప్పి, సంతకం మీద వేలు పెట్టాడు.

"కీ మీదే కదండీ మేడం. పేరా తప్పని మీరొక లెటర్ రాసివ్వండి చాలు. అన్ని స్కూళ్లకీ పంపించి ఆ ప్రశ్న మళ్లీ దిద్దిస్తాను. శుక్రవారం లోపల ఇవ్వండి, తర్వాత నా చేతుల్లో ఉండదు."

ఆయన కాదని ఉంటే బాగుండేది. ఆయన మీద కోపం తెచ్చుకుని, నా ప్రయత్నం నేను చేశానని చేతులు దులుపుకునేదాన్ని. తలుపు తీసే ఉంది, నేను నడిచి బయటికి రావాలంతే. అంతకంటే ఇరుకైన చోట నేనెప్పుడూ ఇరుక్కోలేదు.

నా జీవితంలో నేను ఎక్కువగా నేర్పినది అధికారికి ఉత్తరం రాయడం. ఎడమ వైపు పైన ఎవరు రాస్తున్నారో, దాని కింద ఎవరికో, తర్వాత విషయం ఒక్క ముక్కలో, ఆ తర్వాత అయ్యా అని మొదలు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బుధవారం స్టాఫ్ రూములో తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు రాస్తున్నారో రాశాను. ఎవరికో రాశాను. విషయం దగ్గర ఆగిపోయాను. ఆ ఉత్తరం అన్ని స్కూళ్లకీ వెళ్తుంది. నేను మీటింగులో కడిగేసిన ప్రతి టీచరూ చదువుతాడు. పిల్లలకి తెలిసిన విషయం మీద పేపరిస్తానన్న ఆవిడకి ఆ విషయమే తెలియదట అని మండలమంతా చెప్పుకుంటుంది. పైకి మాత్రం ఇంకో సాకు వెతుక్కున్నాను. ఈ పిల్లని పైకి తెస్తే పదో స్థానంలో ఉన్న పిల్ల కింద పడుతుంది, ఆమెది ఎవరి ఇల్లో, ఆమెకి ఏ కష్టముందో, ఆమెని నేను దింపడమేంటి అని. అది అబద్ధం కాదు. కానీ నన్ను ఆపింది అది కాదు. సిగ్గు.

గురువారం ఆ కాగితం బ్యాగులో పెట్టుకుని ఇంటికీ బడికీ తిప్పాను. శుక్రవారం అరగంట ఆలస్యంగా వచ్చి, పొద్దున్నంతా తరగతుల్లోనే ఉన్నాను. ఎవరూ నన్ను కదిలించకూడదని ఖాళీ పీరియడ్‌లో కూడా ఎనిమిదో తరగతికి వెళ్లి డిక్టేషన్ ఇచ్చాను. నాలుగున్నరకి చివరి బెల్లు కొట్టారు. మండల ఆఫీసు అయిదుకి మూసేస్తారు. ఆటోలో వెళ్తే పది నిమిషాలు. నేను బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. నేను దిగే జంక్షన్ దాకా ఒక్కసారి కూడా బయటికి చూడలేదు.

సోమవారం ఆ పిల్ల, ఆఫీసు నుంచి తిరిగొచ్చిన తన పేపరు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది. మంగళవారం వాళ్లు చాట్రాయి తోటకి వెళ్లిపోతున్నారు. సీటు రాలేదని ఏడ్చి ఉంటుంది, కళ్లు వాచి ఉన్నాయి. కానీ నా ముందు ఏడవలేదు. నాలుగో ప్రశ్న చూపించింది.

"ఇందులో తప్పెక్కడుందో చెప్పండి మేడం. ఇంకోసారి అలా రాయను."

తప్పు నాదని చెప్పడానికి అప్పుడిక పెద్ద పెద్ద ఉత్తరాలు అక్కర్లేదు, రెండు మాటలు చాలు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. అయినా నా నోరు తనకి అలవాటైన మాటే అంది.

"పేరాలో ఏముందో అదే రాయాలమ్మా. మనకి తెలిసింది రాయకూడదు."

ఆమె తలూపింది. బాగా చదివే పిల్ల కదా, ఒక్కసారి చెబితే పట్టుకుంటుంది. కాగితం నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచుకుని వెళ్లింది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో గాలి వీచినప్పుడల్లా నాకు ప్రాణం కొట్టుకునేది. ఆ ఏడు పెద్ద గాలివానలేమీ రాలేదు. కాయ నిలిచింది. బస్టాండు దగ్గర బుట్టల్లో కాయలు చూస్తే చాట్రాయివేనేమో అనిపించి కొనకుండా ముందుకెళ్లిపోయేదాన్ని. ఇంట్లోవాళ్లు మామిడిపండ్ల ఊళ్లో ఉద్యోగం చేస్తూ ఒక్క పండూ తేదని వెటకారం చేశారు. బదిలీకి దరఖాస్తు పెట్టాను. రాలేదు. మరుసటి ఏడు మళ్లీ పెట్టాను, అదీ రాలేదు. ఇప్పటికీ అదే బస్సు, అదే స్టాఫ్ రూము.

జూన్ ఆఖరుకి ఆ పిల్ల తిరిగొచ్చింది, పదో తరగతికి. ఎండకి నల్లబడి, కాస్త పొడుగై. మూడో బెంచీ చివర్నే కూర్చుంది. ఆ ఏడు ఆమెకి ప్రత్యేకంగా పాఠాలు చెప్పాను, మధ్యాహ్నం భోజనాల వేళ కూర్చోబెట్టి చెప్పాను. హాస్టల్ మాట ఇద్దరం ఎత్తలేదు.

త్రైమాసిక పరీక్షకి పేపరు బయటి నుంచి వచ్చింది. ఎవరు తయారు చేశారో తెలియదు. చదివి అర్థం చేసుకోవాల్సిన పేరా చూసి నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఒక పండ్ల తోట కాపలావాడి గురించి. చల్లగాలికి చెట్టు నీడన పడుకుని, పక్షుల పాటలు వింటూ హాయిగా ఉంటాడు. ప్రశ్న, కాపలావాడు ఎందుకు సంతోషంగా ఉన్నాడు?

ఈసారి ఆమె తన పేపర్లో అయిదు వాక్యాలు రాయలేదు. చల్లగాలీ పక్షుల పాటలూ ఉన్నాయి కాబట్టి కాపలావాడు సంతోషంగా ఉన్నాడు అని పేరాలోని వాక్యం ఎత్తి, ఒక్క అక్షరం పోకుండా, గుండ్రటి దస్తూరీతో రాసింది. వాళ్ల నాన్న పాకలో పడుకునే విధం ఆమెకి తెలుసు. తెలిసింది రాయకూడదని కూడా ఆమెకి ఇప్పుడు తెలుసు.

రెండుకి రెండు వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆమె నా బల్ల దగ్గరికొచ్చి, ఆ ప్రశ్న మీదే వేలు పెట్టి అడిగింది.

"ఈసారి తప్పు లేదు కదా మేడం?"

లేదమ్మా అన్నాను.