అమ్మకు చదివి వినిపించే బ్లాగు

చెన్నైలో నా మొదటి ఉద్యోగంలో మా టీమ్‌ని నడిపింది ఒక అక్క. వెబ్‌సైట్ పనుల్లో దొర్లిన ప్రతి తప్పు గురించీ తెలుగులో బ్లాగు రాసేది. రాసింది మాత్రం వ్యాసర్పాడిలోని ఇంట్లో వాళ్లమ్మకు చదివి వినిపించాకే పోస్టు చేసేది. "మా అమ్మకి అర్థం కాకుంటే నాకూ అర్థం కానట్టే మే" అనేది తన మద్రాసు తెలుగులో.

ఒక ఆదివారం నన్ను భోజనానికి పిలిచింది. వాళ్లమ్మ చేపలు కడుగుతుంటే అక్క ఫోన్లోంచి చదవసాగింది. వెబ్‌సైట్‌లో ఒక్క బటన్ నొక్కితే రెండు ఆర్డర్లు వెళ్లిన కథ అది. ఆ తప్పు నాదే. నా పేరు రాయలేదు గానీ, నా చెవులు వేడెక్కాయి.

అంతా విని అమ్మ అడిగింది. "సరే, తప్పు చేసిన ఆ పిల్ల ఏడ్చిందా మే?"

"తెలీదుమా" అంది అక్క, నా వైపు చూడకుండా.

"ఏడ్చానమ్మా, ఆఫీసు మెట్ల మీద కూర్చుని" అన్నాను నేనే.

"అది రాయమే. బటన్ సంగతి ఎవురైనా రాస్తారు" అందావిడ కూతురితో.

నన్నడిగి అక్క ఆ ఒక్క వాక్యం చేర్చి పోస్టు చేసింది. మర్నాటికి ఎప్పుడూ లేనన్ని కామెంట్లు వచ్చాయి. ఎవరెవరు ఎక్కడ ఏడ్చారో రాశారు. లిఫ్టులో, బస్సులో, ఒకాయనైతే మేనేజరు కుర్చీలోనే. అవి చదువుతూ మేమిద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఉద్యోగం మానేద్దామనుకుంటున్న నేను, ఆ మధ్యాహ్నమే అక్కనడిగి వెబ్‌సైట్‌లో కొత్త పేజీ పని తీసుకున్నాను.