ఆకురాయి గీతలు

మా కొత్తవాడ ఇంట్లో, నా చిన్నప్పుడు, నాకంటూ ఉన్న తోడు ఒక పాత కారు చక్రం. నవ్వకండి. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. నాన్న పచ్చకామెర్లతో పోయాడు. అమ్మ పొద్దున్నే జంపఖానాలు నేసే షెడ్డుకు వెళ్ళి దీపాలు పెట్టే వేళకు వచ్చేది. బడి నుంచి వచ్చి తాళం తీసుకుని లోపలికి పోతే నా అడుగుల చప్పుడు నాకే వినపడేది. ఆ ఇంట్లో ఉండలేక నేరుగా పెరట్లోకి పోయేదాన్ని.

చక్రం అక్కడ రేకుల పంచలో గోడకు ఆనించి ఉండేది. ఇప్పటి కార్లకుండే రేకు చక్రం కాదు. సైకిలుకు ఉన్నట్టే సన్నటి ఇనుప పుల్లలు, కాకపోతే ఇంకా దట్టంగా, బుట్ట అల్లినట్టు ఒకదాని మీదుగా ఒకటి. నాన్న ఒక బట్టల సేటు దగ్గర డ్రైవరు. ఆ సేటుకు ఇంగ్లీషువాళ్ళ కాలం నాటి కారొకటి ఉండేది. దానివీ పుల్లల చక్రాలే. కాబట్టి ఇది నాన్న నడిపిన కారుదేనని నాకు నేనే తీర్మానించుకున్నాను. హైదరాబాదు దాకా నాన్నతో పోయి వచ్చిన చక్రం అనుకుని, గోనెసంచి పరుచుకుని దాని పక్కన కూర్చునేదాన్ని. బడి ముచ్చట్లన్నీ దానికే చెప్పేదాన్ని.

అది జవాబు చెప్పదని తెలుసు. నాన్న గురించి అడిగితే అమ్మ మాత్రం చెప్పేదా ఏమిటి? మొహం తిప్పుకుని పొయ్యి దగ్గరికి పోయేది. చుట్టాలను అడిగితే అందరిదీ ఒకటే మాట, “మీ నాయిన దేవుడసుంటోడు బిడ్డా.” దేవుడు పటంలో ఉంటాడు. ఆ మాటతో నేనేం చేసుకోను? నాకు కోపం వచ్చేది.

ఒక సెలవునాడు సేటు గారి గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. వెంట హనుమకొండలో కార్లు బాగుచేసే మిస్త్రీ తాత ఉన్నాడు. మాకు చుట్టమేమీ కాదు, వయసును బట్టి అందరికీ తాతే. సేటు కొడుకు ఆ కారును పాత కార్లు పోగుచేసే ఒకాయనకు ఇచ్చేస్తున్నాడట. ఆ కారు చక్రాలు ఎక్కడున్నా వెతికి ఇమ్మని ఆయన అడిగాడట. డ్రైవరు ఇంట్లో ఒకటుందని ఎవరో చెప్పారు. అది కారుదే అయితే తీసుకుపోతామని, సరిపోనిదైతే మాకే వదిలేస్తామని గుమాస్తా మర్యాదగానే చెప్పాడు.

కారుది అని తేలితే చక్రం పోతుంది. కాదని తేలితే చక్రం ఉంటుంది కానీ, అందులో నాన్న ఉండడు. ఏం కోరుకుంటూ దండం పెట్టుకోవాలో తెలియక అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

మిస్త్రీ తాత తొందరపడే మనిషి కాదు. చక్రాన్ని నేల మీద పడుకోబెట్టి పానాతో పుల్లలను తట్టి విన్నాడు. అంచు లోపలివైపు రంగును గోటితో గీకి, దాని కింద ఏ రంగుందో చూశాడు. చివరికి నడిమి గొట్టంలో వేళ్ళు పెట్టి తడిమాడు. ఇలాంటి చక్రాలను చుట్టూ బోల్టులతో బిగించరు. గొట్టం లోపల సన్నటి పళ్ళుంటాయి. అవి కారు ఇరుసు మీది పళ్ళతో కలిసి కూర్చున్నాక బయట ఒకే ఒక్క పెద్ద నట్టు బిగిస్తారు. కారు కింద తిరిగిన చక్రమైతే ఆ నట్టు ఆనిన చోట చుట్టూ అరిగి మెరుస్తుంది. తాత అక్కడ బొటనవేలితో రుద్ది చూశాడు. ఆ మెరుపు లేదు.

“ఇది గా కారుది గాదు. గా కారుకు ఎన్నడు ఎక్కనే లేదు,” అన్నాడు.

గుమాస్తా సరేనని తలూపి రిక్షా దగ్గరికి నడిచాడు. నేను ఒక్కసారిగా బావురుమన్నాను. అమ్మకు అర్థం కాలేదు. “నీ చక్రం నీకే ఉన్నది గద, ఇంకెందుకు ఏడుస్తానవ్?” అని కసిరింది. తాత నా వంక చూశాడు. పంచలో పరిచి ఉన్న గోనెసంచి వంక చూశాడు. వెళ్ళబోతున్నవాడు మళ్ళీ చతికిలబడ్డాడు.

“మీ నాయిన నడిపిన చక్రమనుకున్నవా బిడ్డా? జర ఇట్ల రా. లోపట ఏలు పెట్టి చూడు.”

పెట్టాను. పళ్ళు ఒకవైపు నున్నగా తగిలాయి. రెండోవైపు గరుకుగా, అడ్డదిడ్డంగా గీతలున్నాయి.

“అవి ఆకురాయితోని రుద్దిన గీతలు. మీ నాయిన ఒకపారి నా కాడికొచ్చి ఆకురాయి అడుక్కపోయిండు. ఎందుకురా అంటె చెప్పలే. ఇప్పుడు ఎరుకైంది. యాడనో పాత సామాన్ల ఇది చూసి, సేటు కారుకు పనికొస్తదని తెచ్చుకున్నడు. ఎక్కియ్యవోతె పళ్ళు గలవలే. ఊకోవచ్చు గద? రుద్దితె గలుస్తయనుకున్నడు. ఇనుప పళ్ళు చేత్తోని రుద్దితె యాడ గలుస్తయ్? ఎంత మొండోడో చూడు.”

అంతలో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది.

“తుప్పు తీస్తాన్న అన్నడు నాతోని! దినమంత వాకిట్ల కూసోని గీకిండు. బువ్వకు పిలిస్తె రాలే. గిదా సంగతి!”

నాన్న పోయాక అమ్మ నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వీ నవ్వీ చివరికి ఏడ్చింది. తాత చాయ్ తాగి వెళ్ళిపోయాక కూడా ఆమె నోరు ఆగలేదు. పెళ్ళిళ్ళకు పోయి ప్రతిసారీ చెప్పులు పోగొట్టుకునేవాడట. కూరలో ఉప్పు లేకపోయినా కనిపెట్టలేకపోయేవాడట. దారి తప్పితే ఎవరినీ అడిగేవాడు కాదట. పటంలోంచి దిగి వచ్చి, మసి చేతులతో, పెళ్ళానికి అబద్ధం చెప్పి ఇనుము గీకుతున్న మనిషి నాకు ఆ రోజు కనిపించాడు. ఆయన నాకెంతగానో నచ్చాడు. ఇంత మంచి మనిషి లేకుండా పెరగాలి కదా అని అప్పుడే మొదటిసారి నిజంగా దుఃఖం వచ్చింది.

ఇల్లు మారినప్పుడు ఆ చక్రం ఎటుపోయిందో నాకు తెలియదు. పెద్దగా వెతకలేదు కూడా. ఇప్పుడు నేను మడికొండలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మావారు పోయి కొన్నేళ్ళయింది. హాల్లో దండ వేసిన ఫోటో ఉంది. అందులో ఆయన వేసుకున్న కోటు స్టూడియోవాళ్ళది. ఆ కోటు మనిషితో నాకు పెద్దగా పరిచయం లేదు, అందుకే అటు ఎక్కువగా చూడను.

వంటింట్లో లైటు స్విచ్చు ఒకటుంది. కరెంటాయన వచ్చేదాకా ఆగలేక మావారు స్వయంగా బిగించారు, తలకిందులుగా. సరి చేయించమని ఇంటికొచ్చినవాళ్ళు ప్రతివాళ్ళూ చెబుతారు. నేను చేయించను. పొద్దున్నే లేచి వెళ్ళి అలవాటు కొద్దీ కిందికి నొక్కుతాను. వెలగదు. “ఏం మనిషివయ్యా నువ్వు,” అని పైకే అనేసి, అప్పుడు రెండోవైపు నొక్కుతాను. రోజులో నేను నోరు తెరిచి మాట్లాడే మొదటి మాట అది. కొన్ని రోజులు అదొక్కటే.