ఓదెలన్న మా తలుపు బయట కట్టిన డబ్బా

నిన్న పొద్దున మా బిడ్డ రజిత ఫోన్ చేసింది. "బాపూ, ఓదెలు పెద్దబాపు పోయిండట" అంది.

షాక్. చేతిలో ఛాయ్ చల్లారిపోయింది. పోయిన వారమే మాట్లాడాను. మోకాళ్లు నొస్తున్నాయని చెప్పి తనే నవ్వాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

గోదావరిఖనిలో మాతో పనిచేసినవాళ్లకు ఓదెలన్న తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నా.

ఎనభైలలో ఆయన డ్యూటీ బాయి దగ్గర. బొగ్గు గనిని మేం బాయి అంటాం. దిగే ముందు మా ఒళ్లంతా తడిమి బీడీలు, అగ్గిపెట్టెలు తీసుకునేవాడు. లోపల గ్యాస్ ఉంటుంది, నిప్పురవ్వ పడితే అందరం బూడిదే.

"చేతులు లేపు తమ్మీ" అనేవాడు. తలకు చుట్టిన తువ్వాలలో దాచినా దొరకబట్టేవాడు. పైకొచ్చాక ఎవరివి వాళ్లకు ఇచ్చేసేవాడు.

షిఫ్ట్ అంతా బీడీ లేకుండా ఉండేవాణ్ని. ఆ కసి ఇంటికొచ్చి తీర్చుకునేవాణ్ని. ఒకటే రూమ్ ఉన్న క్వార్టర్. ఒకటి ఆరకముందే ఇంకోటి.

రజితకు అప్పుడు రెండేళ్లు. ఛాతీలో ఒకటే పిల్లికూతలు. వానాకాలం సర్ది అనుకున్నాం.

ఒకరోజు ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చాను. వాన కొడుతోందని తలుపులు మూసి, పిల్లను ఒళ్లో పెట్టుకుని బీడీ ముట్టించాను. దాని దగ్గు పక్క క్వార్టర్‌లో ఉన్న ఓదెలన్నకు వినిపించినట్టుంది. తలుపు నెట్టుకుని వచ్చాడు.

"చేతులు లేపు తమ్మీ."

పరాచికం అనుకుని నవ్వుతూ లేపాను. నోట్లో బీడీ, జేబులో కట్ట, అగ్గిపెట్టె అన్నీ తీసేశాడు.

"బాయిల గ్యాస్ ఉంటదని షిఫ్టంత బీడీ ముట్టవు. గీ పోరి ఛాతిల గింత పొగ పోతుంటె ఫికర్ లేదా? బాయంటే ఉన్న భయం బిడ్డంటే లేకపాయె!"

ఆయన అన్నది నిజమే. అందుకే మండింది.

"నీ డ్యూటీ బాయి కాడ, నా ఇంట్ల కాదు. పిల్లల్లేనోనివి, పిల్లల సంగతి నీకేమెరుక?" అని అరిచాను. క్వార్టర్ల లైన్ అంతా బయటికొచ్చి చూసింది.

ఆయన కట్టను కిటికీలో పెట్టి వానలో తడుస్తూ వెళ్లిపోయాడు.

ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నా.

వారం తిరగకముందే పిల్లకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానాకు రిక్షా తెచ్చింది, వెంట వచ్చింది ఓదెలన్నే. "ఇంట్ల ఎవరన్న బీడీ తాగుతరా?" అని డాక్టర్ అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

సిగ్గుపడాల్సింది నేను. తల దించుకుంది ఓదెలన్న.

"తాగుతడు సార్. ఇంట్లనే తాగుతడు" అని మా ఆమె చెప్పేసింది.

"పొగ ఆపకపోతే నా మందులు పనిచెయ్యవు" అన్నాడు డాక్టర్.

ఓదెలన్న మాకంటే ముందే వెళ్లిపోయాడు. పిల్లతో మేం ఇంటికొచ్చేసరికి మా తలుపు బయట మేకుకు ఒక పాత పాలపొడి డబ్బా వేలాడుతోంది.

"ఇంట్లకు పోయేముందు దీంట్ల ఏసిపో తమ్మీ. బయటికొచ్చినంక తీస్కో" అన్నాడు ఓదెలన్న. అంతే. నేనన్న మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి నా బీడీ గడప దాటి లోపలికి రాలేదు. పిల్లికూతలు మెల్లగా తగ్గాయి. పూర్తిగా మానడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఆయన రజితను భుజాల మీద తిప్పాడు. దాని పెళ్లిలో చెమటలు కక్కుతూ వడ్డించాడు. "తప్పైంది అన్నా" అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

నిన్న ఆయన కాళ్ల దగ్గర కూర్చుని అన్నాను. ఏం లాభం?

రజితా, నీకు ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది. కోపం వస్తే రానీ బిడ్డా.

ఇది చదివే తమ్ముళ్లూ, అల్లుళ్లూ, ఇంట్లో చిన్నపిల్లలుంటే సిగరెట్ గడప బయటే వదిలేయండి. కిటికీ తెరిచాం కదా అని సర్దిచెప్పుకోకండి. మీకు డబ్బా కట్టడానికి ఓదెలన్న లేడు.

అన్నా, చేతులు లేపాను. చూసుకో, జేబులు ఖాళీ.

ఇక డ్యూటీ దిగి నెమ్మదిగా పడుకో.