మసి బాబాయి

బాబాయికి లోకంలో ఒక్కటే రోగం తెలుసు: మసి. ఫ్రిజ్ మూలిగినా మసే, గోడగడియారం వెనకబడినా మసే. ఆ గడియారానికి మసి వదిలిస్తానని విప్పాడు. అప్పట్నుంచి అది వెనకబడటం మానేసింది, కదిలితేగా వెనకబడటానికి! గుండె చప్పుడు సరిగ్గా వినబడటం లేదన్న డాక్టరుతో, ముందు ఆ గొట్టంలో మసి దులుపుకోమన్నాడట. బళ్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికి మరమ్మతుల మీద ఇంత పెత్తనం ఎవరిచ్చారో ఆ దేవుడికే తెలియాలి. మెకానిక్కులంతా ఆయన దృష్టిలో బోర్డు పెట్టుకున్న దొంగలు.

అందుకే కారు మొరాయిస్తోందని అన్నకూతురు ఆయన చెవిన వెయ్యలేదు. ఇంటింటికీ వెళ్లి, మంచం పట్టినవాళ్లచేత నాలుగడుగులు వేయించే ఫిజియోథెరపిస్టు ఆమె. కారు లేకపోతే ఆ పని సాగదు. ఆ కారేమో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఒళ్లంతా వణికి చచ్చి ఊరుకునేది. వెనకనుంచి హారన్ల మోతకి ఆమెకు చెమటలు పట్టేవి.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, డ్రైవింగు రాక తప్పు కారు మీద పెడతావేంటి?" అని మొగుడు రోజూ దెప్పేవాడు. వినగా వినగా అది నిజమేనేమో అనిపించింది ఆమెకు. కారు అమ్మేద్దామని అతనంటే తలూపేసింది. కొనేవాడు సాయంత్రం వస్తానన్నాడు.

కబురు ఎవరు మోశారో గాని, ఆ ఉదయమే బాబాయి స్పానర్ల సంచితో ఊడిపడ్డాడు. బానెట్ ఎత్తి, ఇంజను కాసేపు నడిపించి, "మసి" అన్నాడు. ఆమె మనసులోనే తల బాదుకుంది. ఇంజను చల్లారాక వైరు తీసి, బోల్టులు విప్పి, పొగలో కొంత మళ్లీ ఇంజన్లోకి పంపే వాల్వును బయటికి లాగాడు. ఎన్నాళ్లకు ఫలించిందో ఆయన మాట, అది నిజంగానే మసి! వాల్వు మూసుకోకుండా గడ్డకట్టుకుపోయింది. కారు ఆగినప్పుడల్లా ఆ పొగే లోపలికి దూరి ఇంజనుకు ఊపిరాడనివ్వట్లేదు. అన్ని రాళ్లు విసిరితే ఒక్కటైనా తగలదా మరి.

క్లీనర్ కొట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో తెగ తోమాడు. ఆ బ్రష్షు అల్లుడిది, పొద్దున దాకా తెల్లగానే ఉండేది. రాలిన మసినంతా పళ్లెంలోకి ఎత్తి, కాఫీ తాగుతున్న అల్లుడి ముందు పెట్టాడు.

"మద్దెల నిజంగానే ఓడు అల్లుడూ. పిల్ల బాగానే ఆడుతోంది."

అల్లుడు పళ్లెం చూశాడు, బ్రష్షు చూశాడు, కాఫీ పక్కన పెట్టేశాడు.

వాల్వు బిగించాక కూడా డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం ఆరలేదు. ఇంకా మసి ఉందని బాబాయి మళ్లీ స్పానరు అందుకున్నాడు. ఆయన మళ్లీ పెట్టడం మరిచిపోగా వేలాడుతున్న వైరును ఆమే చూసి తగిలించింది.

"నువ్వే నడుపమ్మా" అని పక్కన కూర్చున్నాడాయన. ఇక దారంతా పాఠం తప్పదనుకుందామె. బస్సెక్కితే డ్రైవరు వెనకే నిలబడి పాఠం చెప్పే మనిషాయె. ఇప్పుడు మాత్రం సీటు వెనక్కి వాల్చి, నిద్రొస్తోందనీ, నచ్చినంతసేపు తిప్పమనీ చెప్పి కళ్లు మూసుకున్నాడు. వీధి దాటకముందే గురక మొదలైంది.

పెద్ద కూడలిలో ఎర్రదీపం పడింది. కారు ఆగింది. ఇంజను మాత్రం ఆగలేదు, వణకలేదు. కొనేవాణ్ణి రావద్దని చెప్పాలనుకుంటూ, ఆ సంతోషం పంచుకుందామని ఆమె పక్కకి తిరిగింది. బాబాయి కళ్లు మూసుకునే ఉన్నాయి, గురకా సాగుతూనే ఉంది. కుడికాలు మాత్రం లేని బ్రేకును బలమంతా పెట్టి నొక్కుతోంది. ఆమె నవ్వాపుకుని, ఆయన్ని నిద్రపోతున్నట్టే ఉండనిచ్చి, మెల్లగా గేరు వేసింది.