జానమ్మ గుడిసె ఎగిరిన పాపం

జానమ్మకు దేవుడు భూమి ఇవ్వలేదు, బంగారం ఇవ్వలేదు, నోరు మాత్రం కొలత చూడకుండా ఇచ్చాడు. మోత్కూరు అంగడిలో మిరపకాయలమ్మేవాళ్లు ఆమె దూరాన కనబడగానే తక్కెడ సరిచేసుకునేవారు. వాడలో ఎవరి కోడలు ఏడ్చినా, ఎవరి మొగుడు తాగి తూలినా కబురు ముందు జానమ్మకు పోయేది, తర్వాతే సంఘం పెద్దకు. ఇలాంటి మనిషిని ఓర్వనివాళ్లు ఉంటారు. ఉండనీ. నోరు లేని మంచితనం ఉప్పు లేని పప్పు, ఎవరి ముద్దకూ అక్కరకు రాదు.

ఆమె మొగుడు మారయ్య పటేలు దగ్గర జీతముండేవాడు. ఇంట్లోకి వచ్చిన మాటలన్నీ పెండ్లామే వాడేసేది కనుక, అడుగున మిగిలిన నాలుగింటితో సంసారం నెట్టుకొచ్చేవాడు.

మోత్కూరుకు కోసెడు దూరంలో ఉన్న ఆ ఊళ్లో, జానమ్మ అత్తగారి కాలంలోనే వాడంతా ప్రభువును నమ్ముకుంది. మట్టి గోడలు, తాటికమ్మల కప్పు వేసి చిన్న గుడి కట్టుకున్నారు. నెలకొకసారి భువనగిరి నుంచి పాస్టరయ్య సైకిలు తొక్కుకుంటూ వచ్చి బల్ల ఇచ్చేవాడు. బల్ల అంటే ప్రభువు భోజనం: ఇంత రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం.

ఆ గుక్క కోసం జానమ్మ నెలంతా కాచుకొని ఉండేది. భక్తి ఉన్నది, లేదని కాదు. కానీ దాని వెనుక ఇంకో సంగతి ఉన్నది. ఊళ్లో ఏ గడప ముందు దాహమన్నా ఆమెకు ఎత్తు నుంచి దోసిట్లో పోసేవారు. చెంబు అంచు ఆమె పెదవికి తగిలితే ఆ చెంబు మైలపడినట్టే. గుడిలో మాత్రం ఒకటే గిన్నె. పాస్టరయ్య పెదవి పెట్టిందీ అదే, జానమ్మ పెదవి పెట్టిందీ అదే. "గా గిన్నె చేతికొచ్చిందంటే నా ఈపు దానంతటదే సాపుగైతది" అనేది ఆమె.

రెండో ఎలక్షన్లు అయిన ఎండాకాలం అది. ఒక సాయంత్రం పడమటి ఆకాశం పసుపు కలిపిన నీళ్లలా మారి, గాలిదుమారం లేచింది. దాని వెనకే రాళ్లవాన, నిమ్మకాయంతేసి రాళ్లు. మొగుడూ పెళ్లాం నులక మంచం కిందికి దూరారు. గాలి గుడిసె కప్పును ఎంగిలి విస్తరిని లేపినట్టు లేపి, ఎదురుగా ఉన్న తుమ్మచెట్టుకు తగిలించి పోయింది. బయట కట్టేసిన మేక రాళ్ల దెబ్బకు చచ్చింది.

గాలి ఆగాక అందరూ బయటికొచ్చి చూసుకున్నారు. వాడలో ఇంకెవరి కప్పూ కదల్లేదు. జానమ్మ గోడకు గోడ ఆనుకొని ఉన్న యోహాను ఇంటి మీద సొరతీగ కూడా, పూతతో సహా, చెక్కుచెదరలేదు.

పెండ్లాం ఇప్పుడు ఎవరిని తిడుతుందోనని మారయ్య బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. జానమ్మ తల పైకెత్తి చూసి, "మంచిగైంది. ఇగ దీపం నూనెకు ఫికర్ లేదు, సందమామ ఇంట్లకే వచ్చె" అంది. మేకను కోయించి కూర వాడంతా పంచింది. ఆ కూర తిన్న నోళ్లే మరునాడు పొద్దున్నుంచి గుసగుసలు మొదలుపెట్టాయి. అన్నిండ్లు వదిలి ఆ ఒక్క ఇంటినే దేవుడెందుకు కొట్టాడు?

ఆ ప్రశ్నకు జవాబు యోహాను దగ్గర ఉన్నది. సంఘం పెద్ద, జానమ్మకు వరసకు బావ. చెడ్డవాడు కాదు. పాట బాగా ఎత్తుతాడు, గడ్డం బాగా దువ్వుతాడు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే: తన ఇల్లు నిలబడింది కాబట్టి అందులో తన గొప్ప ఏదో ఉండి తీరాలనుకున్నాడు. ఉతికిన ధోవతి కట్టుకొని జానమ్మ ఇంటికొచ్చాడు. ఇల్లంటే నాలుగు గోడలే అనుకోండి.

"జానమ్మా, పాపాల ఊరు సొదొమ మీద అగ్గి ఉట్టిగనే పడలే. ఐగుప్తు మీద రాళ్లవాన ఉట్టిగనే పడలే. దేవుడు గురి చూసి కొడ్తడు."

"గురి చూసి కొట్టెటోడు మేకనెందుకు కొట్టిండు బావా? గడ్డం చూసి నువ్వనుకున్నడా?"

గోడవతల వింటున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. యోహాను మొహం మాడిపోయింది.

"నవ్వులాటలు గావు. వచ్చే ఆదివారం పాస్టరయ్య ముందట, సంఘం ముందట నిలవడి నీ పాపం ఒప్పుకో. అప్పటిదాంక నీకు బల్ల లేదు."

"ఏ పాపం?"

"గది నీకే ఎర్కుండాలె" అని ఆయన వెళ్లిపోయాడు.

జానమ్మకు బల్ల లేదన్న మాట రాళ్లవాన కంటే గట్టిగా తగిలింది.

ఇక వాడలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి సాయం చేయడం మొదలుపెట్టారు. పేదవాళ్లు కదా, తాటికమ్మలు తేలేకపోయినా తలా ఒక పాపం తెచ్చారు. గుడిలో డప్పు వాయించే ఐలేశం ముందు వచ్చాడు.

"అత్తా, ప్రార్థనల ఎన్నడన్న కునుకు తీసినవా? నాకైతే గదే అనుమానం."

"గట్లయితే నీ ఇంటి కప్పు ఇంకా ఎట్లున్నదిరా? నాది ఉత్త కునుకు. నీ గురకకు తాళం గూడ ఉంటది."

యోహాను భార్య భద్రమ్మ వచ్చి, పక్కింటి కోడి తన దొడ్లో పెట్టిన గుడ్డు ఎప్పుడైనా చెప్పకుండా వండుకున్నదేమో గుర్తు తెచ్చుకోమన్నది. ఆమె వెళ్లాక జానమ్మ తన కోడి నెలరోజులుగా గుడ్లెందుకు పెట్టడం లేదో ఆలోచించింది. ఎవరి బుట్టలో ఉన్న కాయ వాళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టి పోతున్నారు మరి.

చివరికి ఆమె ప్రాణ స్నేహితురాలు గోపమ్మ కూడా వచ్చి పక్కన కూలబడింది. "ఒదినె, ఏదో ఒకటి చెప్పి పారెయ్యరాదె. చిన్నది చూసి చెప్పు. లొల్లి ఒడిశిపోతది."

"చెయ్యనిది చేసిన్నంటే అబద్ధమైతది గదనే. గా అబద్ధానికి మళ్ల ఏమెగురుతదో! ఎగరనీకె కప్పు గూడ లేదు నాకు."

పైకి ఇలా అన్నదే గానీ లోపల పీకుతూనే ఉన్నది. యోహాను మాట నిజమైతే? దేవుడు నిజంగానే అలిగి మొహం తిప్పుకుంటే? తనలో పాపం లేదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వెతుక్కుంటే చాటెడు దొరికాయి. వాటిలో కప్పు ఎగరగొట్టింది ఏదో తేలక ఆమె బాధపడింది.

శనివారం మాపటేళ జొన్నగట్క తింటూ, మారయ్య ఏడాదికి సరిపడా మాటలు ఒకేసారి మాట్లాడాడు. "గిన్నె అందరి చేతుల్లకెళ్లి పోతది. నువ్వు ఎనుక గోడకు నిలవడి చూస్తవు. ఊర్ల ఎట్ల నిలవడ్తమో గట్లనే. నాకు గది చూడబుద్ధి గాదు జానా."

ఆమె ముద్ద వదిలి లేచింది. గిన్నె కడిగి బోర్లించి, "మంచిది. ఒప్పుకుంట" అంది. "ఏది?" అని మారయ్య అడిగాడు. "అన్ని."

ఆదివారం గుడి కిటకిటలాడింది. ఆ రోజు ఎన్నడూ రానివాళ్లు కూడా వచ్చారు. పొరుగువాళ్ల పాపం వినడానికి ఎవరికి తీరిక ఉండదు? పాస్టరయ్య చెమట తుడుచుకుంటూ యోహాను చెప్పిందంతా విన్నాడు. ఆయనకు ఆ సంగతి నచ్చినట్టు లేదు. కానీ జానమ్మ అప్పటికే లేచి, కొంగు నడుముకు చుట్టుకొని నిలబడి ఉంది. ఆమె లేచాక కూర్చోబెట్టగలవాడు ఎవరు?

"అయ్యగారూ, ఏ పాపానికి నా ఇల్లెగిరిందో నాకెర్క లేదు. అందుకనే ఉన్నయన్ని చెప్త. దేవుడు ఏది ఏరుకుంటడో ఏరుకోనీ. ఒక్క మాట. నాయే చెప్త, పక్కోళ్లయి చెప్ప. చాడీలు చెప్పుడు గూడ పాపమేనాయె."

"చెప్పమ్మా" అన్నాడు పాస్టరయ్య.

"పటేలు పిలిచిండని ఆదివారం గుడి ఎగ్గొట్టి పల్లికాయ పీకనీకె పోయిన."

ఆడవాళ్ల వైపు గాజులు ఒక్కసారి గలగలమని, అంతే ఠక్కున ఆగాయి. పటేలు చేను పదెకరాలు. దాన్ని ఒక్క ఆడది పీకిందంటే నమ్మడానికి పాస్టరయ్య పట్నంలో పుట్టినవాడు కాదు.

"ప్రార్థనల నిద్రవోయిన." ఐలేశం డప్పు వెనక్కి జరిగాడు.

"మరి పోయినేడు వాన మొఖం చాటేసినప్పుడు కప్పతల్లి ఆట ఆడిన. గుడ్డల కప్పను మూటగట్టి, ఏపాకు వెట్టి, రోకలికి ఏలాడదీసి ఇల్లిల్లు తిప్పిన. దేవుణ్ణి అడిగితే ఇంకా వాన రాకపాయె, కప్పనన్న అడుగుదామనుకున్న."

వానల కోసం ఊరి ఆడవాళ్లు ఆడే ఆ ఆట తెలియనివాళ్లు ఎవరూ లేరు. పాస్టరయ్య మీసం కింద ఏదో కదిలింది.

"జానమ్మా, రోకలి ఒక దిక్కు నీ భుజం మీదున్నది, సరే. రెండో దిక్కు గాలిల ఉన్నదా?"

జానమ్మ పెదవులు బిగించింది. "నేను చెప్పనన్న గద."

గోపమ్మ లేచింది. "గాలిల లేదయ్యా. నా భుజం మీదున్నది."

వెనక నుంచి ఇంకెవరో, "ఏపాకు నేను దెంపుకొచ్చిన" అన్నారు. "కప్పను మావోడు పట్టిండు" అని ఇంకొక గొంతు.

"మరి ఆట ఊరికే ఆడరు గద" అన్నాడు పాస్టరయ్య. "కప్ప మీద నీళ్లు పొయ్యాలె. ఎవరి గడప ముందట పోసిండ్రు?"

ఈసారి ఎవరూ లేవలేదు. మగవాళ్లంతా గుడి కప్పులో ఎన్ని వాసాలున్నాయో ఎంచుతున్నట్టు పైకి చూశారు. భద్రమ్మ మాత్రం కూర్చున్నచోటి నుంచే మొగుణ్ణి ఒక చూపు చూసింది. యోహాను గడ్డం నిమిరాడు, దగ్గాడు, మెల్లగా లేచాడు.

"నేను గూడ పోసిన అయ్యగారూ. మడి నెర్రెలు వాసి ఉండె. ఒక్క చెంబు పోసిన."

"రెండు, మామా" అన్నాడు ఐలేశం.

గుడి గొల్లుమంది. పాస్టరయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వనిది జానమ్మ ఒక్కతే. గువ్వలా ముడుచుకుపోయిన యోహానును చూస్తే ఆమెకు జాలేసింది. "కూసో బావా. కప్పకు దూపైతున్నదని పోసినవు, పుణ్యమే" అంది.

నవ్వులు సద్దుమణిగాక పాస్టరయ్య ప్రభువు కాలపు సంగతి ఒకటి చెప్పాడు. ఒక పెద్ద బురుజు కూలి దాని కింద మనుషులు చచ్చిపోయారట. వాళ్లు మిగతా ఊరివాళ్ల కంటే పాపులనుకున్నారా అని ప్రభువే అడిగి, కానే కాదన్నాడట. "అక్కడితో ఊకోలేదు. మీ మనసు మార్చుకోండ్రి అన్నడు. ఎవరికి? బురుజు కిందవడ్డోళ్లకు గాదు, నిలవడి ముచ్చట చూస్తున్నోళ్లకు. ఇయ్యాల మనం గూడ గట్లనే నిలవడ్డం."

యోహాను ఊరుకోలేక అడిగాడు. "మరి సొదొమ సంగతో?"

"సొదొమ సంగతి దేవుడే చెప్పిండు గనుక మనకు ఎర్క. జానమ్మ గుడిసె సంగతి నీకు చెప్పిండా?"

"చెప్పలే."

"ఆయన చెప్పనిది ఆయన పేరు మీద చెప్పుడు చిన్న తప్పు గాదు యోహానూ."

జానమ్మ ఇంకా నిలబడే ఉంది. "గట్లయితే అన్నిండ్లు ఇడిచి నా ఇల్లే ఎందుకు ఎగిరింది అయ్యగారూ?"

"నాకు తెల్వది జానమ్మా. మంచోళ్ల మీద, చెడ్డోళ్ల మీద ఎండావాన ఒక్కతీరుగ పడ్తయని ప్రభువు చెప్పిండు. రాళ్లు గూడ గంతేనేమో. ఎందుకు పడ్డయో తెల్వది. పడ్డంక మనమేం చెయ్యాల్నో మాత్రం తెలుసు, చెయ్యలే."

చదువుకున్నవాడు తెలియదని నోరు తెరిచి చెప్పడం ఆ వాడ అదే మొదటిసారి విన్నది. అన్నీ తెలిసినవాళ్ల జవాబుతో వారమంతా నిద్ర పట్టని జానమ్మకు, ఈ తెలియదన్న మాట దుప్పటి కప్పినట్టు హాయిగా ఉన్నది. దేవుడు అలగలేదు. అది చాలు.

బల్ల దగ్గర పాస్టరయ్య గిన్నెను ఎప్పటిలా ముందు సంఘం పెద్ద చేతికిచ్చాడు. యోహాను దాన్ని పట్టుకొని తాగకుండా నిలబడ్డాడు. తర్వాత నడుచుకుంటూ ఆడవాళ్ల వైపు వచ్చి జానమ్మకు అందించాడు. ఆమె వీపు చక్కబడింది. ఒక గుక్క తాగి, కొంగుతో అంచు తుడవకుండానే తిరిగి ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఆమె తర్వాత తాగాడు. మారయ్య ఎందుకో ముక్కు చీదుకున్నాడు.

మరునాడు ఎండ ముదరకముందే తాటికమ్మలు మోపులు మోపులుగా వచ్చాయి. ఐలేశం చెట్లెక్కి కొట్టాడు, ఆడవాళ్లు మోశారు. భద్రమ్మ ఏ ముచ్చటా ఎత్తకుండా అరడజను గుడ్లు తెచ్చి పొయ్యి పక్కన పెట్టిపోయింది. యోహాను ఉతికిన ధోవతి మడిచి గోచీ పెట్టి, వాసాల మీద గుర్రమెక్కినట్టు కూర్చొని నార బిగిస్తున్నాడు. జానమ్మ కింద నుంచి కమ్మలు అందిస్తూ ప్రతి ముడికీ వంక పెడుతూనే ఉంది.

"బావా, గా మూల సడలున్నది, జర గట్టిగ గుంజు" అని అరిచింది చివరికి. "ఈసారి ఎగిరిందంటే పాపం ఇంట్ల ఉన్నదానిది గాదు, కట్టినోనిది."