తమ్ముడి సీటు కోసం బేగంపేటకు

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి వానాకాలం, మా తమ్ముడు నర్సింహను వ్యవసాయ కాలేజీలో చేర్పించాలని ఆలేరు నుంచి సికింద్రాబాదు వెళ్ళాం. మా ఇంట్లో అందరికీ వ్యవసాయమంటే పిచ్చి. రజాకార్ల గొడవల్లో ఊరు సగం ఖాళీ అయి, చేను పడావు పడ్డ ఏడాది కూడా మా నాయన దొడ్లో రకరకాల కందులు వేసి ఏది ముందు పూస్తుందా అని చూస్తూ కూర్చున్నాడు. కొడుకు ఆ చదువే చదవాలని ఆయన పట్టు. పెద్ద చదువులన్నీ ఉర్దూలోనే కదా అని వాణ్ణి చిన్నప్పటి నుంచి మౌల్వీ సాబ్ దగ్గర కూర్చోబెట్టాడు. నాయనా, తమ్ముడూ తప్పిపోకుండా చూసుకోవడానికి వెంట నేను.

పొద్దున బండి ఎక్కితే ఎండ ముదరకముందే దిగాలి. మిలటరీ బండికి దారివ్వాలని మమ్మల్ని భువనగిరిలో ఆపేశారు. చూస్తే నాయన లేడు! పట్టాల పక్కన ఎవరిదో ఆముదపు చేన్లో దూరి ఆకులు తిప్పి చూస్తున్నాడు. బండి కూత పెట్టాక, నేను గొంతు చించుకుంటే తీరిగ్గా వచ్చాడు.

"పురుగు వడ్డది బిడ్డా. ఆ రైతుకు ఎర్కలేదేమో."

స్టేషను నుంచి రెజిమెంటల్ బజారుకు నడిచే పోవచ్చు. అక్కడ పూరీలు తిని బేగంపేటకు టాంగా మాట్లాడుకున్నాం. నిజాం నాణెం హాలీ సిక్కా ఇస్తే టాంగావాళ్ళు సణుగుతారు, ఇండియా సర్కారు కల్దార్ రూపాయలు దగ్గరుంచుకోవడం మేలు. నాయన ఎక్కీ ఎక్కకముందే షురూ చేశాడు.

"గుర్రం లద్దె ఏం జేస్తవ్ భాయ్?"

టాంగావాలా పగ్గం లాగి బండి ఆపేశాడు. "పెద్దాయనా, బేగంపేట పోవాల్నా, లద్దె కొనాల్నా? జెర సాఫ్ చెప్పు."

ఎలాగో కాలేజీ ఆఫీసు చేరాం. అక్కడి గుమాస్తా కాగితాలు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఈ సాల్ నుంచి అంతా ఇంగ్లీషులనే అమ్మా. ఉర్దూ బందైంది."

తమ్ముడి ముఖం పాలిపోయింది. ఇన్నేళ్ళ చదువు ఒక్క మాటతో పోయింది. లోపలి నుంచి ఒక అధికారి వచ్చి, వచ్చే ఏడు ఇంగ్లీషు నేర్చుకొని రమ్మని మెల్లగా చెప్పాడు. మారేడ్‌పల్లిలో ట్యూషన్ చెప్పే మాస్టారున్నాడన్నాడు. పెద్ద వయసు రైతులకైతే తెలుగులోనే శిక్షణ క్లాసులు పెడుతున్నామని మాటవరసకు అన్నాడు.

నాయన లేచి నిలబడ్డాడు. "అయితే నా పేరు రాసుకోండ్రి."

"నాయనా! ఇంటికాడ నారు ముదురుతున్నది. నాట్లెవరు ఏపిస్తరు?"

"నువ్వున్నవ్ గద బిడ్డా."

తమ్ముణ్ణి మాస్టారింట్లో, నాయన్ను క్లాసులో వదిలేసి ఒక్కదాన్నే తిరుగు బండెక్కాను. దారంతా ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడుపొచ్చింది. వానలో తడుస్తూ కూలీలను బతిమాలి నాట్లు వేయించాను. క్లాసులయ్యాక నాయన వచ్చి, కాళ్ళన్నా కడుక్కోకుండా పొలానికి పోయాడు.

"నాట్లు దగ్గర దగ్గర వడ్డయ్ బిడ్డా. క్లాసుల గిట్ల చెప్పలే."

ఆ రోజు ఆయనకు అన్నం పెట్టాను గానీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి ఆయన చెప్పేవన్నీ చెవిన పడుతూనే ఉన్నాయి, కొన్ని బుర్రకెక్కాయి కూడా. తమ్ముడికి మరుసటి ఏడు సీటు వచ్చింది. ఇప్పుడు వాడు సెలవులకు వచ్చినప్పుడల్లా నాయనా, వాడూ గట్టు మీద వాదించుకుంటుంటే, నీళ్ళు మళ్ళించేది మాత్రం నేనే.

మీరు కూడా పిల్లల సీటు కోసం వెళ్తుంటే ఒక్క మాట: చేరాల్సినవాళ్ళనే వెంట తీసుకెళ్ళండి. వ్యవసాయం పిచ్చి ఉన్న నాయన్ను ఇంట్లోనే ఉంచండి.